టైట్ రాతిలో చమురు బావి: 14 నెలల డేటా మీద అతికిన గీత 5 ఏళ్లకు ఎందుకు తప్పింది?

ఎంటెక్_హన్మకొండ
కెమికల్‌లో ఎంటెక్ ఆఖరి ఏడాది. చమురు సులువుగా కదలని టైట్ రాతిలో అడ్డంగా తవ్వి, ఒత్తిడితో నీళ్లూ ఇసుకా కొట్టి పగుళ్లు చేసిన (ఫ్రాక్చర్ చేసిన) బావుల నుంచి ఎంత చమురు వస్తుందో లెక్కగట్టడం నా ప్రాజెక్టు. ఇలాంటి బావుల డేటా మన దగ్గర విద్యార్థుల చేతికి రాదు. అందుకే అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం నెలనెలా అందరికీ తెరిచిపెట్టే లెక్కల్లోంచి బాకెన్ పొరలోని 12 బావులు తీసుకున్నాను.

ఒక బావి సంగతి చెప్తాను. 2018 మేలో మొదలైంది. మొదటి 14 నెలల్లో 1,45,000 బ్యారెళ్లు ఇచ్చింది. బావి ఉత్పత్తి కాలంతో ఎలా తగ్గుతుందో చెప్పే ఆర్ప్స్ సమీకరణాన్ని ఆ 14 నెలలకూ వేశాను. 1945 నాటిదే అయినా ఇప్పటికీ అందరూ వాడేది అదే. గీత డేటా మీద అతికినట్టు కూర్చుంది, అందులో గీత వంపును చెప్పే బి విలువ 2.1 వచ్చింది. దాన్నే 5 ఏళ్లకు పొడిగిస్తే 3,10,000 బ్యారెళ్లు. నిజంగా వచ్చింది 2,55,000. మిగతా బావుల్లోనూ చాలావాటిది ఇదే వరస.

బావిని కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేటర్‌లో వేయమని మా గైడ్ అంటున్నారు. దానికి లైసెన్స్ లేదు. రివ్యూకి మూడు వారాలే ఉంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అంత బాగా అతికిన గీత ఎందుకు తప్పింది?

కాజీపేట_జంక్షన్
బి విలువ 0కీ 1కీ మధ్య ఉండాలని చదివిన గుర్తు. 2.1 ఏంటి?

రిగ్గు_రాజన్న
కాజీపేట చెప్పింది పాత బావుల మాట. మామూలు ఇసుకరాయిలో బావి హద్దుల దాకా ఒత్తిడి తగ్గడం మొదలయ్యాక ఆర్ప్స్ సమీకరణం పనికొస్తుంది, అప్పుడు బి 0–1 మధ్యే ఉంటుంది. టైట్ రాతిలో హద్దు తగలడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా చమురు రాతిలోంచి ఫ్రాక్చర్ వైపు తిన్నగా, ఒకే దిక్కులో నడుస్తుంది. దాన్ని లీనియర్ ఫ్లో అంటాం. ఆ దశలో ఉత్పత్తి కాలం వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది, ఆర్ప్స్ భాషలో చెప్పాలంటే బి 2. తమ్ముడూ, నీ గీత తప్పు కాదు. అది ఒక దశకు సరిపోయే గీత, నువ్వు దాన్ని రెండో దశలోకి కూడా లాక్కెళ్లావు.

ఒక ప్రశ్న. మొదటి రెండు మూడు నెలలు ఉత్పత్తి తగ్గకుండా సమానంగా ఉందా?

ఎంటెక్_హన్మకొండ
చెల్లిని అన్నా. అవును, మొదటి 3 నెలలు దాదాపు ఒకేలా ఉంది. నాలుగో నెల నుంచి పడిపోయింది.

రిగ్గు_రాజన్న
సారీ చెల్లె. అది చోక్, అంటే బావి ముఖం దగ్గర ప్రవాహాన్ని బిగించే వాల్వు. ఫ్రాక్చర్ చేసిన కొత్తలో బావిని ఒక్కసారిగా వదలరు. వదిలితే లోపల పగుళ్లను తెరిచి పట్టుకున్న ఇసుక కొట్టుకొస్తుంది, పగుళ్లు మూసుకుంటాయి. అందుకే పైన చోక్‌తో బిగించి మెల్లగా తెరుస్తారు. తొలి వారాల్లో వచ్చేది కూడా ఎక్కువగా మనం కొట్టిన నీళ్లే. ఆ 3 నెలల్లో నీకు కనపడింది చోక్ సైజే, రాయి కాదు. వాటిని ఫిట్‌లోంచి తీసెయ్. బి 2 దాటిందంటే నాకు ముందు అనుమానం వచ్చేది అక్కడే.

పైథాన్_పరకాల
ఇంత ఫిజిక్స్ ఎందుకు? వేల బావుల డేటా ఊరికే దొరుకుతోంది కదా. న్యూరల్ నెట్‌వర్క్‌కి ఇచ్చేస్తే మొదటి 14 నెలలు చూసి మిగతాది అదే చెప్తుంది. నేను కరెంటు లోడ్ డేటా మీద చేశాను, బాగా పనిచేసింది.

గ్రిడ్‌బ్లాక్
పరకాల భాయ్, కరెంటు లోడ్ ప్రతి వేసవికీ తిరిగొస్తుంది. బావికి ఒకటే వేసవి. పైగా ఆమె దగ్గరున్నవి 12 బావులు. వేల బావులు తీసుకున్నా ఎన్ని స్టేజీలుగా (విడతలుగా) ఫ్రాక్చర్ చేశారు, ఎంత ఇసుక కొట్టారు, పక్క బావి ఎప్పుడొచ్చింది, ఇవన్నీ జతచేయాలి. మూడు వారాల పని కాదు.

పైథాన్_పరకాల
ఒప్పుకుంటాను, 12తో కాదు. అయితే డేటా శుభ్రం చేసే పని నేను చేసి పెడతాను, ఫైలు పంపండి.

బోరుబండి_జనగామ
నాకు చమురు తెలియదు, బోర్లు తెలుసు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాను. మన బండలో 200 అడుగుల దాకా పొడి దుమ్మే లేస్తుంది. పగులు తగిలిందంటే దుమ్ము ఆగి, ముందు తడి బురద, తర్వాత నీళ్లు ఎగజిమ్ముతాయి. నీళ్లు తగ్గిన బోర్లకు హైడ్రోఫ్రాక్చరింగ్ కూడా చేస్తారు. బోరును మధ్యలో బిగించి మూసే ప్యాకర్ దించి, ట్యాంకర్ నీళ్లను గట్టి ఒత్తిడితో లోపలికి కొడితే మూసుకుపోయిన పగుళ్లు తెరుచుకుంటాయి. కొన్నింటికి నీళ్లు పెరుగుతాయి, కొన్నింటికి ఏమీ కాదు. మీదీ ఇలాంటిదే కదా? కొత్త బోరు వారం రోజులు రెండు ఇంచులు పోసి, తర్వాత ఇంచు, తర్వాత అర ఇంచు. ఆ పారకం చూసి వేసవి దాకా ఉంటుందని రైతుకు ఎవరూ మాటివ్వలేరు.

రిగ్గు_రాజన్న
మామా, తగ్గే తీరు చూడటానికి ఒకటే. లోపల జరిగేది మాత్రం వేరు. మన వరంగల్ గ్రానైట్ బండలో నీళ్లుండేది పగుళ్లలో, పైన శిథిలమైన పొరలో. బండ లోపల చుక్క ఉండదు. పగులు ఖాళీ అయితే బోరు ఎండినట్టే. టైట్ చమురు రాతిలో నూనె అంతా రాతి సన్న రంధ్రాల్లోనే ఉంటుంది, మనం చేసిన పగులు దానికి దారి మాత్రమే. పగులులో ఉన్నది ఎప్పుడో అయిపోతుంది. మిగతా ఏళ్లంతా రాయి చెమర్చినట్టు మెల్లగా పగులులోకి దిగుతూ ఉంటుంది.

ఇంకో తేడా, మనది నిలువు బోరు. అక్కడ 10,000 అడుగుల దాకా దిగి, మెల్లగా వంచి, పొర వెంబడి రెండు మైళ్లు అడ్డంగా పోతారు. ఆ పొడవునా వరసగా ఫ్రాక్చర్లు. రాజస్థాన్‌లో బాడ్మేర్ హిల్ అనే టైట్ పొరలో కూడా ఇలా అడ్డంగా తవ్వి ఫ్రాక్చర్ చేసిన బావులున్నాయి. అది మన దేశంలోనే ఉంది కాబట్టి థీసిస్ ముందుమాటలో చెప్పుకోవచ్చు.

బోరుబండి_జనగామ
రాయి చెమర్చడం. ఇది అర్థమైంది.

లెక్కల_పంతులు
కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. రాతిలో వేడి ఎలా పాకుతుందో చెప్పే సమీకరణమే ఇక్కడా పనిచేస్తుంది, అందుకే రాస్తున్నాను.

లీనియర్ ఫ్లోలో మొత్తం ఉత్పత్తి కాలం వర్గమూలంతో పెరుగుతుంది. అంటే 1 ఏడాదిలో లక్ష బ్యారెళ్లు ఇచ్చిన బావి 4 ఏళ్లకు 2 లక్షలు, 9 ఏళ్లకు 3 లక్షలు, 16 ఏళ్లకు 4 లక్షలు ఇస్తుందని సూత్రం చెప్తుంది. ఆగే మాటే లేదు. నిజంలో రెండు ఫ్రాక్చర్ల మధ్య ఉన్న రాయి ఒక కొలత గల ముక్క. అటు ఫ్రాక్చర్ ఇటు ఫ్రాక్చర్ లాగుతుంటే, ఒత్తిడి తగ్గుదల మధ్య గీత దగ్గర ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ క్షణం నుంచి ఆ ముక్కలో ఉన్నదే తరుగుతూ పోతుంది.

అమ్మా, నీ డేటాను లాగ్-లాగ్ మీద, అంటే రెండు అక్షాలూ లాగ్ స్కేలులో పెట్టి గీయి. లీనియర్ ఉన్నంతసేపు వాలు మైనస్ సగం. అది ఎక్కడ కిందికి వంగిందో చూడు. లేదా ఉత్పత్తిని తలకిందులు చేసి (1 భాగించు ఉత్పత్తి) కాలం వర్గమూలానికి ఎదురుగా గీయి. తిన్నని గీత వస్తుంది, వంపు దగ్గర పైకి లేస్తుంది.

గ్రిడ్‌బ్లాక్
పంతులుగారి రెండో గ్రాఫే మంచిది, లాగ్-లాగ్‌లో ఏదైనా తిన్నగానే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త. ఆ తిన్నని గీత వాలు నుంచి మనకు వచ్చేది ఒక్క లబ్ధమే: ఫ్రాక్చర్ మొత్తం వైశాల్యం ఇంటూ పర్మియబిలిటీ (రాయి ద్రవాన్ని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే కొలత) వర్గమూలం. రెండూ విడివిడిగా రావు. పెద్ద వైశాల్యం, చెడ్డ రాయి అయినా, చిన్న వైశాల్యం, మంచి రాయి అయినా మొదటి ఏడాది ఒకటే గీత. విడదీసేది వంపు మాత్రమే.

లెక్కేసి చూద్దాం. ఒత్తిడి తగ్గుదల పాకిన దూరం అడుగుల్లో = 0.159 × √(కె × రోజులు ÷ (పోరాసిటీ × స్నిగ్ధత × కంప్రెసిబిలిటీ)). కె అంటే పర్మియబిలిటీ, మిల్లీడార్సీల్లో. పోరాసిటీ (రాతిలో రంధ్రాల వంతు) 8 శాతం, స్నిగ్ధత 0.5 సెంటిపాయిజ్, మొత్తం కంప్రెసిబిలిటీ (ఒత్తిడికి కుదించుకునే గుణం) ఒక్కో పీఎస్ఐకి 0.000015 అనుకో. ఫ్రాక్చర్ల మధ్య 200 అడుగులుంటే సగం 100 అడుగులు. కె 0.001 మిల్లీడార్సీ అయితే వంపు 237 రోజులకు వస్తుంది. కె 0.0001 అయితే 2,370 రోజులకు, అంటే ఆరున్నర ఏళ్లకు. అదే లబ్ధం రావాలంటే రెండో దానికి ఫ్రాక్చర్ వైశాల్యం 3.16 రెట్లు ఉంటే చాలు. మొదటి 7 నెలల డేటాతో ఈ రెండు బావుల్నీ వేరుచేసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

రిగ్గు_రాజన్న
200 అడుగులన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. రిపోర్టులో స్టేజీల సంఖ్య రాస్తారు. స్టేజీలో బావి గొట్టానికి వేసిన ప్రతి రంధ్రాల గుంపూ ఫ్రాక్చర్ అవ్వదు. కొన్ని మొత్తం ద్రవాన్ని మింగేస్తాయి, కొన్నింటికి చుక్క అందదు. సగమే పనిచేస్తే నిజమైన దూరం రెట్టింపు, కె నాలుగు రెట్లు వస్తుంది. కాగితం మీది దూరం నమ్మి కె చెప్పొద్దు.

గ్రిడ్‌బ్లాక్
ఒప్పుకున్నాను. దూరం కూడా ఒక రేంజ్‌గానే పెట్టాలి.

ఎంటెక్_హన్మకొండ
పంతులుగారూ, గీశాను. మొదటి 3 నెలలు తీసేస్తే 4 నుంచి 16వ నెల దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది! 16 తర్వాత పైకి లేస్తోంది. 24, 25, 26 నెలల దగ్గర మాత్రం చుక్కలు ఎక్కడికో ఎగిరిపోయాయి. 2018 మే నుంచి లెక్కపెడితే అవి 2020 ఏప్రిల్, మే, జూన్.

కాజీపేట_జంక్షన్
కరోనా! 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర సున్నా కిందికి, మైనస్ 37 డాలర్ల దాకా పోయింది కదా. బావి మూసేసి ఉంటారు.

పైథాన్_పరకాల
ఫైలు చూశాను. నార్త్ డకోటా లెక్కల్లో ప్రతి నెలకూ బావి ఎన్ని రోజులు నడిచిందో ఒక కాలమ్ ఉంది. ఆ మూడు నెలల్లో ఈ బావికి 0 రోజులు. మిగతా 11లో ఇంకో మూడు బావులు కూడా అప్పుడు మూసే ఉన్నాయి. ఆ నెలల్ని గ్రాఫ్‌లోంచి తీసేయాలి. మిగతా నెలల్లోనూ మీరు నెల మొత్తాన్ని 30తో భాగించారు, నడిచిన రోజులతో భాగించాలి. సరిచేసి పంపాను.

టెక్సాస్ డేటా తీసుకోకపోవడం మంచిదైంది. అక్కడ చమురును బావివారీగా కాక లీజువారీగా కలిపి రాస్తారు, ఏ బావిది ఎంతో విడదీయడమే ఒక ప్రాజెక్టు.

ఎంటెక్_హన్మకొండ
థ్యాంక్స్ అన్నా! అయితే నా 55,000 తేడా అంతా ఆ మూడు నెలల మూత వల్లేనా?

గ్రిడ్‌బ్లాక్
కాదు. వంపు 16వ నెలలో మొదలైంది, అంటే 2019 ఆగస్టు. మూత 2020లో. అప్పటికి ఉత్పత్తి ఎంత పడిపోయిందో చూడు, మూడు నెలలు ఆగినందుకు పోయేది అందులో చిన్న భాగమే. మళ్లీ తెరిచాక కొన్ని వారాలు ఎక్కువే ఇస్తుంది, ఒత్తిడి కోలుకుంటుంది కాబట్టి.

గోదారిఖని_పోరడు
భూగర్భ గనిలో పనిచేస్తాను. బొగ్గు తీసేకొద్దీ పైబరువు పిల్లర్ మీదికి వస్తుంది, పిల్లర్ గోడలు పెచ్చులుగా రాలుతాయి. పైకప్పులో మొన్న వేలు పట్టిన సందు ఇవాళ కాగితం పట్టదు. మీ బావిలో చమురు తీసేస్తుంటే ఒత్తిడి తగ్గి పగుళ్లు మూసుకోవా? ఆ వంపు దానివల్ల కావచ్చు కదా?

రిగ్గు_రాజన్న
చాలా మంచి ప్రశ్న తమ్ముడూ. మూసుకుంటాయి. పగులు తెరిచి ఉండటానికే ఇసుక కొడతాం, కానీ ఇసుక రేణువులు నలుగుతాయి, మెత్తటి రాతిలోకి దిగబడతాయి. లోపలి ఒత్తిడి తగ్గేకొద్దీ పర్మియబిలిటీ కూడా తగ్గుతుంది. అందుకే వంపు చూడగానే హద్దు తగిలిందని కొట్టిపారేయకూడదు. చెల్లె, గ్యాస్ కాలమ్ ఉందా?

ఎంటెక్_హన్మకొండ
ఉంది అన్నా. నేను ఇప్పటిదాకా తెరిచి కూడా చూడలేదు.

రిగ్గు_రాజన్న
ప్రతి నెలా గ్యాస్‌ను చమురుతో భాగించి గీయి. భూమిలో ఒత్తిడి ఒక మట్టం కిందికి పడితే చమురులో కరిగి ఉన్న గ్యాస్ బుడగలుగా విడిపోతుంది, సోడా మూత తీసినట్టు. దాన్ని బబుల్ పాయింట్ అంటాం. విడిపోయిన గ్యాస్ చమురు దారిలోకి వచ్చి దాన్ని నెమ్మది చేస్తుంది. బావి అడుగున ఒత్తిడి స్థిరంగా ఉంటే, లీనియర్ ఫ్లో నడిచినంతకాలం ఈ నిష్పత్తి దాదాపు సమానంగా ఉంటుంది. ఫ్రాక్చర్ల మధ్య రాయి మొత్తం ఒత్తిడి కోల్పోవడం మొదలైతే అప్పుడు ఎక్కుతుంది. రెండు గ్రాఫులూ ఒకే నెల దగ్గర మారితే హద్దు వైపు నా ఓటు. చమురు గీత వంగినా గ్యాస్ నిష్పత్తి కదలకపోతే గోదారిఖని తమ్ముడి మాట ముందు చూడాలి.

ఎంటెక్_హన్మకొండ
చూశాను. 15వ నెల దాకా అటూఇటూగా ఒకేలా ఉంది, 17 నుంచి ఎక్కడం మొదలైంది, 23కి దాదాపు రెట్టింపు. అన్నా, ఆ గీత ఎక్కుతుంటే ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. అమ్మ "ఏముంది అందులో" అంది, బావి లోపల రాయి హద్దు తగిలిన రోజు అని చెప్పాను.

లెక్కల_పంతులు
శభాష్ అమ్మా. ఇక వంపు తర్వాత ఏం చేయాలో చెప్తాను, సిమ్యులేటర్ అక్కర్లేదు. ఒక దిక్కు ప్రవాహానికి, స్థిరమైన ఒత్తిడికి, ఒకే ద్రవమైతే, హద్దు తగిలాక ఉత్పత్తి ఎక్స్‌పొనెన్షియల్‌గా, అంటే ప్రతి నెలా ఒకే శాతం చొప్పున తగ్గుతుంది. ఆ తగ్గుదల రేటు కూడా వంపు కాలం నుంచే వస్తుంది: 0.617 భాగించు వంపు నెల. పైన గ్రిడ్‌బ్లాక్ ఇచ్చిన 0.159తో సమీకరణం పరిష్కరిస్తే ఈ సంఖ్య దానంతటదే దిగుతుంది, π² బై 4లో పావు వంతు. నీ బావికి 16వ నెల కాబట్టి నెలకు 3.9 శాతం.

16 నెలలకు మొత్తం సుమారు 1,55,000. అప్పటి నెలసరి ఉత్పత్తి, మొత్తాన్ని రెండింతల నెలలతో భాగిస్తే, 4,840. అక్కడి నుంచి 44 నెలలు ఎక్స్‌పొనెన్షియల్‌గా కలిపితే ఇంకో 1,02,500. మొత్తం 2,57,500. నీకు నిజంగా వచ్చింది 2,55,000.

కాజీపేట_జంక్షన్
రోమాలు నిక్కబొడుచుకున్నాయి పంతులుగారూ.

గ్రిడ్‌బ్లాక్
లెక్క అద్భుతం. నా అభ్యంతరం కూడా వినండి. వంపు 16వ నెలలో ఉందని మనకు 5 ఏళ్ల డేటా చూశాక తెలిసింది. ఆమె ప్రశ్న 14 నెలల దగ్గర నిలబడి ముందుకు చూడటం. అక్కడ నిలబడితే వంపు ఇంకా రాలేదు. అప్పుడేం చెప్తారు? గ్యాస్ విడిపోయాక ఒకే ద్రవం అన్న మాట కూడా చెల్లదు, ఈ బావికి దగ్గరగా వచ్చింది కాబట్టి ప్రతి బావికీ వస్తుందనుకోవద్దు.

లెక్కల_పంతులు
నిజమే. 14వ నెల దగ్గర నిలబడితే రెండు కొసలు చెప్పగలం. వంపు రేపే వస్తే ఒక కొస: నెలసరి 5,180, తగ్గుదల నెలకు 4.4 శాతం, 5 ఏళ్లకు 2,47,000. వంపు 5 ఏళ్లలో రానే రాకపోతే రెండో కొస: వర్గమూలం లెక్కన 3,00,000. నిజం ఈ రెండింటి మధ్యే పడింది.

గ్రిడ్‌బ్లాక్
ఇదే ఆమె ఫలితం. ఆమె చెప్పిన 3,10,000 ఈ రెండు కొసలకూ బయట ఉంది, చోక్ నెలల వల్ల. ఆ ఒక్క తప్పు ముందే పట్టుకోవచ్చు. మిగతాది 14 నెలల డేటాలో లేదు.

మీ గైడ్‌కి సిమ్యులేషన్ కావాలంటే ఓపీఎం ఫ్లో ఉచితం, ఎంఆర్ఎస్టీ కూడా ఉచితమే. బావి మొత్తం కట్టకు. ఒక ఫ్రాక్చర్, దాని పక్కన మధ్య గీత దాకా సగం రాయి, అంతే. మిగతావి దీని నకళ్లు. పగులు ముఖం దగ్గర గళ్లు అంగుళాల్లో పెట్టు, దూరం పోయేకొద్దీ పెంచు. మొదటి రోజుల్లో ఒత్తిడి పడేదంతా ఆ కొన్ని అంగుళాల్లోనే. అక్కడ పెద్ద గళ్లు పెడితే తొలి నెలల ఉత్పత్తి మొత్తం తప్పుతుంది, నేను మొదటిసారి అదే చేసి నెల పోగొట్టుకున్నాను.

బోరుబండి_జనగామ
ఒక మాట అడగాలి. మా దగ్గర పక్క చేనులో బోరు వేస్తే మన బోరు ఎండుతుంది. బోర్లకు హద్దులు పెట్టే వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నా ఆ గొడవలు ఆగలేదు. అక్కడ పక్క బావి దెబ్బ ఉండదా?

రిగ్గు_రాజన్న
ఉంటుంది మామా, ఇంకా గట్టిగా. పాత బావి పక్కన కొత్త బావిని ఫ్రాక్చర్ చేస్తే ఆ పగులు ఒత్తిడి తగ్గిన పాత బావి వైపు పరిగెత్తుతుంది. పాత బావిలో ఒక్కసారిగా నీళ్లు పెరిగి చమురు పడిపోతుంది. కొన్ని మళ్లీ లేస్తాయి, కొన్ని లేవవు. ఫ్రాక్ హిట్ అంటాం. చెల్లె, నీళ్ల కాలమ్‌లో ఒక్క నెలలో హఠాత్తుగా లేచిన బావులుంటే చూడు. వాటికి ఏ సూత్రమూ వేయకు.

ఎంటెక్_హన్మకొండ
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. 12 బావులూ చేశాను.

5 బావుల్లో వంపు స్పష్టంగా ఉంది, గ్యాస్ నిష్పత్తి కూడా అదే చోట ఎక్కింది. 4 బావులు ఇప్పటికీ తిన్నని గీత మీదే ఉన్నాయి. వాటికి రెండు కొసలు ఇస్తున్నాను, ఒక్క అంకె ఇవ్వడం లేదు. 3 బావుల్లో నీళ్లు ఒక్క నెలలో ఎగిరాయి, వాటిని పక్కన పెట్టాను. మొదటి బావికి 16 నెలలు, సగం దూరం 100 అడుగులు పెడితే కె సుమారు 0.0005 మిల్లీడార్సీ. రాజన్న అన్న చెప్పినట్టు సగం ఫ్రాక్చర్లే పనిచేస్తే 0.002. రెండూ పట్టికలో పెట్టాను.

రేపు గైడ్‌ని కలుస్తున్నాను. ఆ 3 బావులూ లేకుండా 9 బావులని రాస్తే సరిపోతుందా?

రిగ్గు_రాజన్న
వద్దు. 12 అనే రాయి. ఆ మూడింటి నీళ్ల గ్రాఫులు ముందే పెట్టు, ఏ నెలలో ఎగిరిందో గుర్తు వేసి. ఆ చుట్టుపక్కల కొత్త బావి ఏ నెలలో మొదలైందో కూడా అదే రాష్ట్ర లెక్కల్లో దొరుకుతుంది, వెతికి పక్కన రాయి.

పైథాన్_పరకాల
అది నేను వెతుకుతాను. మూడు బావుల నంబర్లు పంపండి, రాత్రికి ఇస్తాను.